సొంఠి నెత్తురు

మా నాన్న షిప్‌యార్డులో తుప్పు గీకేవాడు.
సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల్లో ఎర్రటి పొడి.
అమ్మ నూనెగుడ్డతో తుడుస్తుంటే
"ఇనుముని తినీసేది గాలేనే,
నీరు ఉత్తి తోడుదొంగ" అనేవాడు.
మా మల్కాపురంలో ఏ కిటికీ ఊచనైనా అడగండి,
మేడ మీద ట్యాంకుకి వేసిన నిచ్చెనని అడగండి.

ఇవాళ ఆ పొడినే వెతుకుతున్నాను
ఒక గుర్రం నెత్తుట్లో.

తెల్లవారుజాము నాలుగున్నరకి భీమిలి ఇసుకలో బయల్దేరింది.
తెన్నేటి పార్కు దాకా, తిరిగి భీమిలికి, మళ్లీ ఇటు.
డెబ్భై రెండు కిలోమీటర్లు.
తక్కిన పదకొండూ పెద్దింటి గుర్రాలు,
వాటి నాడాల ఖర్చుకే నా ఏడాది ఫీజు చెల్లు.
సొంఠి మాత్రం కొండ తట్టువ.
మొన్నటి దాకా జి.మాడుగుల సంతకి పసుపు బస్తాలు మోసింది.
వీపు మీద గోనెతాడు ఒరుసుకున్నచోట
వెంట్రుకలు తెల్లగా మొలిచాయి.

రెండోసారి ఆపినప్పుడు చెవులకి గొట్టం తగిలించుకున్నాను.
గుండె అరవై నాలుగు దాటితే ఇంటికే.
డెబ్భై ఒకటి.
వంతల డొంబు దాని మెడ మీద బకెట్టు నీళ్లు కుమ్మరించి
అరచేత్తో కిందికి దువ్వి, మళ్లీ కుమ్మరించి,
చెవిలో వాళ్ల భాషలో ఏదో అన్నాడు.
అరవై తొమ్మిది.
అరవై ఆరు.
సముద్రం ఒకసారి వచ్చి చూసిపోయింది.
అరవై మూడు.
"ఎల్లిపో తల్లీ" అన్నాడు,
దానితోనో, అడ్డంగా నిలబడ్డ నాతోనో.

ఏడో స్థానం. కప్పు లేదు, పూలదండ లేదు.
మెడనరం నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు
ఐసు డబ్బాలో పెట్టుకుని ఆటోలో పడ్డాను.
ల్యాబులో యంత్రం గిర్రున తిరిగి ఆగేసరికి
ఎరుపంతా అడుక్కి దిగింది,
పైన పసుప్పచ్చని నీరు.
గుర్రాలన్నిటికీ అంతే అని పుస్తకంలో ఉంది.
నాకు మాత్రం అది మోసిన బస్తాలు గుర్తొచ్చాయి.

డొంబు గుమ్మం అవతలే చెప్పులు విప్పాడు.
"ఏటి సూత్తన్నావు డాట్రమ్మా, ఆ నీట్లో?"

నేనింకా డాక్టర్ని కాలేదు.
అయినా ఎలా చెప్పను?
పరిగెత్తే గుర్రం తాగిన గాలంతా మచ్చికవదని,
అందులో కాస్త కళ్లెం తెంపుకుంటుందని,
జత పోయిన ఎలక్ట్రాన్‌తో కండలో పడి
కణం గోడని కొరుక్కు తింటుందని,
ఆ కొరికిన ముక్కల్నే నేను లెక్కపెడుతున్నానని?

"తుప్పు" అన్నాను.
"ఊపిరికి పట్టిన తుప్పు."
అతను నవ్వలేదు.
"మరి గీకీగలవేటి?"

పెద్దింటి గుర్రాలకి గీకే పొడులున్నాయి,
విటమిన్ ఇ, సెలీనియం, పేరు తిరగని గుళికలు.
వాటి అంకెలు బల్లపరుపుగా పడుకున్నాయి.
సొంఠిది తాటిచెట్టంత లేచి
మర్నాటి పొద్దుటికి గడ్డిలో దిగింది.
అది తినేది చోడి తవుడు, వాగు గట్టు పచ్చిక.
పన్నెండు గుర్రాలతో ఏదీ రుజువు కాదమ్మాయ్ అన్నారు మా సారు.
కాదు, నిజమే.

కానీ నాన్న ఇంకో మాట కూడా అనేవాడు.
కొత్త రేకుకి రంగు పట్టదట.
నాలుగు నెలలు ఉప్పుగాలికి ఒదిలీసి,
కాస్త తుప్పు లేచి, పైపొర రాలి,
ఒళ్లు గరుకెక్కాకే
రంగు నిలుస్తుందట.
ఎంతకి ఆపాలో చేతికి తెలియాలి.
ఆ చెయ్యే తెలీకుండా
ఇరవై ఏళ్లు అదే పొడి పీల్చింది.
ఇప్పుడాయన మూడో మెట్టు దగ్గర ఆగుతాడు.
దానికి నా దగ్గర అంకె లేదు.

"మిగిలింది పారబోత్తావా?" డొంబు అడిగాడు.
దాస్తాం, సున్నాకి ఎనభై డిగ్రీలు కింద, అన్నాను.
చీటీ మీద రాశాను: సొంఠి, ఆడ, తొమ్మిదేళ్లు.
ఫ్రీజరు తలుపు తీస్తే తెల్లటి పొగ.
అతను వెనక్కి జరిగి,
భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని,
ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"సలేత్తాది గదమ్మా, దానికి."